కూలి గడిలో సున్నా

డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలకు కార్పొరేట్ ఫైనాన్స్ చెప్పడానికి ఒప్పుకున్నానని ఇంట్లో చెప్పినప్పుడు మా ఆవిడ ఒక్కటే మాట అడిగింది. "రిటైరైనంక బీపీ తగ్గింది గద, మళ్ళ ఎందుకు పెంచుకునుడు?"

ఆమె మాట వినవలసింది.

నేను ఉద్యోగం చేసింది సహకార శాఖలో, ఆడిటరుగా. చిట్యాల, టేకుమట్ల, భూపాలపల్లి దిక్కు సంఘాల లెక్కలు ఏళ్ల తరబడి తనిఖీ చేశాను. సొంతూరు కొడకండ్ల అయినా ఇల్లు కట్టుకున్నది జనగామలో. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ నడిపే కరస్పాండెంటు నాకు పాత పరిచయం. వాళ్ళ కామర్సు లెక్చరరుకు సర్కారు కొలువు వచ్చి సెమిస్టరు మధ్యలో వెళ్ళిపోయాడట. "సిలబస్ సగం అయిపోయింది సార్. మిగిలిన సగం మీరు జర పూర్తి చేస్తే చాలు" అని ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే ఆ అయిపోయిన సగం పిల్లల నోటుబుక్కుల్లో ఉంది గానీ పిల్లల దగ్గర లేదు.

వారానికి రెండు రోజులు పొద్దున రైలెక్కేవాణ్ణి. తరగతి పది గంటలకని బోర్డు మీద ఉండేది. ఊళ్ళ నుంచి వచ్చే బస్సులు పదిన్నరకు గానీ రావు. బస్సులు పదిన్నరకు వస్తాయని అందరికీ తెలుసు. అయినా బోర్డు మార్చరు. ఎందుకు మార్చరని అడిగితే కరస్పాండెంటు, "పది అని ఉంటెనే పదిన్నరకు వస్తున్నరు సార్, పదిన్నర అని రాస్తే పదకొండుకు వస్తరు" అన్నాడు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో జవాబు లేని మాట వింటే నాకు తల నొప్పి వచ్చేది. ఆ అలవాటు ఇంకా పోలేదు.

మొదటి రోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. "ఈ రోజు చేతిలో ఉన్న వంద రూపాయలు, ఏడాది తర్వాత వచ్చే వంద రూపాయలు ఒకటేనా?" అందరూ తలలు వంచి ఆ ప్రశ్నను నోటుబుక్కులో రాసుకున్నారు. "రాయకండి, చెప్పండి" అన్నాను. ముందు బెంచీలో ఒకడు దాన్ని కూడా రాశాడు.

పుస్తకంలో ఉన్న మొదటి లెక్కలో ఏదో ఒక కంపెనీ ఏదో ఒక యంత్రం కొంటుంది. దాని మీద ఐదేళ్ళు వచ్చే రాబడిని ఏడాదికి పన్నెండు శాతం చొప్పున తగ్గించి, ఈ రోజు దాని విలువెంతో చెప్పాలి. ఆ తగ్గించడం ఎందుకో ఎవరికీ తలకెక్కలేదు. రెండు తరగతులు పోయాయి. మూడో తరగతిలో విసుగెత్తి, "పన్నెండు శాతం అంటే రూపాయి మిత్తి. నెలకు వందకు రూపాయి" అన్నాను. అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"రూపాయి మిత్తికి ఎవరిస్తరు సార్? మా దిక్కు రెండు రూపాయలు."

"మా తాన మూడు నడుస్తది."

"గా కంపెనీకి ఎవరిచ్చిండ్రు సార్ రూపాయికి?"

"బ్యాంకు ఇచ్చింది."

"మాకియ్యదు గద."

సంతోషించాను, అర్థమైందని. తొందరపడ్డాను. ఆ తర్వాత పరీక్ష పెడితే సగం మంది ప్రశ్నలో ఉన్న పన్నెండు శాతాన్ని కొట్టేసి ఇరవై నాలుగు వేసుకున్నారు. ప్రతి లెక్కలోనూ యంత్రం కొనకూడదనే తేలింది. "ప్రశ్నలో ఉన్నది ఎందుకు మార్చారు?" అని అడిగితే, "గంత తక్కువకు పైసలు ఎక్కడ దొరుకుతయి సార్, ప్రశ్ననే తప్పు" అన్నాడు వెనక బెంచీ కుర్రవాడు. ఏం మార్కు వెయ్యాలో తెలియక ఆ కాగితాలు జనగామ దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

ఇక ప్రాజెక్టు. ఆ కాలేజీలో ప్రాజెక్టుకు ఒక పద్ధతి ఉంది. పాత సంవత్సరాల ప్రాజెక్టులు బీరువాలో ఉంటాయి. పిల్లలు ఒకటి తీసుకుని, పై అట్ట మార్చి, జిరాక్సు తీసి ఇస్తారు. ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీకి ఏటేటా ఎవరో ఒకరు కొత్త యంత్రం కొంటూనే ఉన్నారు. నేను ఆ బీరువాకు తాళం వేయించి, బోర్డు మీద గడులు గీసి చెప్పాను. మీ ఇంట్లో గానీ వాడలో గానీ నడిచే ఒక పని తీసుకోండి. దానికి కొత్తగా ఒక వస్తువు కొంటే లాభమో నష్టమో తేల్చండి. పెట్టుబడి ఒక గడి, కరెంటు ఒక గడి, మరమ్మతు ఒక గడి, కూలి ఒక గడి, రాబడి ఒక గడి.

రెండు వారాలకు ప్రాజెక్టులు వచ్చాయి. బాగానే తిరిగి రాసుకొచ్చారు. కుట్టు మిషన్లు, పాడి బర్రెలు, ట్రాక్టరు ట్రాలీలు, ఒక జిరాక్సు సెంటరు, ఒక కారం గిర్ని. కరెంటు బిల్లు రూపాయల దాకా రాశారు. గ్రీజు డబ్బా ధర రాశారు. కూలి గడిలో మాత్రం, మొదటి ప్రాజెక్టు నుంచి ఆఖరి ప్రాజెక్టు దాకా, సున్నా.

"కూలి ఏది?" అని కుట్టు మిషన్ అబ్బాయిని అడిగాను.

"మేమే చేస్తం గద సార్."

"మీరంటే ఎవరు?"

"అమ్మ సార్. గుండీలు నేను కుడుత."

"మరి అమ్మకు కూలి?"

తరగతంతా నవ్వింది. వెనక బెంచీ కుర్రవాడు లేచి, "సార్, మా అమ్మ కూలి అడుగుడు మొదలుపెడితె మా నాయిన ఇల్లు ఇడిచి పోతడు" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి మిరప చేను మీద రాసింది. మిరపకాయ ఏరడానికి ఏ నెలలో ఏ ఊళ్ళో ఎంత కూలి నడుస్తుందో ఆమెకు నోటికి వచ్చు. సొంత చేను దగ్గరికి వచ్చేసరికి ఆమె కూడా సున్నాయే వేసింది. "వేరే వాళ్ళ చేన్ల ఏరితె కూలి సార్. మా చేన్ల మేం ఏరితె కూలెట్లయితది?" అంది. మీ చేనులో ఏరిన రోజు పక్క చేను కూలి పోగొట్టుకున్నట్టే గదా అన్నాను. "పక్క చేనోళ్ళు పిలిస్తె గద సార్ పోయేది?" అంది. అది సరైన ప్రశ్న. పిలిచే రోజులకు కూలి రాయి, పిలవని రోజులకు సున్నా రాయి అని చెప్పాను. ఆమె ఒక్కతే తలూపింది. మిగతావాళ్ళు సార్‌కు ఏదో పట్టుకుందన్నట్టు చూశారు.

అన్ని ప్రాజెక్టులూ వెనక్కి ఇచ్చేశాను. వారం తర్వాత తిరిగి వచ్చాయి. కొందరు సున్నాను చెరిపి గీత పెట్టారు. ఆ రోజు డైరీలో రెండే మాటలు రాసుకున్నాను: "మళ్ళీ సున్నా."

కారం గిర్ని ప్రాజెక్టు రాసిన అమ్మాయి ఆ సాయంత్రం స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. తరగతిలో అందరికన్నా ముందు మిత్తి లెక్క పట్టుకున్నది ఆ పిల్లే. వాళ్ళది స్టేషన్‌కు పోయే దారిలోని గిర్ని. తండ్రి పిండి మిషన్ చూసుకుంటాడు, తల్లి కారం మిషన్ మీద ఉంటుంది, ఈ పిల్ల కాలేజీకి ముందు, కాలేజీ తర్వాత కాంటా దగ్గర కూర్చుంటుంది. ఇంకో పెద్ద కారం మిషన్ కొంటే ఎట్లా ఉంటుందన్నది ఆమె ప్రాజెక్టు.

"సార్, ఒక తప్పయింది" అంది.

"ఒకటేనా?" అన్నాను. ఆ రోజు నా ఓపిక అంతవరకే ఉంది.

ఆమె నవ్వలేదు. మొదటిసారి రాసిన ప్రాజెక్టు ప్రతి ఒకటి ఇంట్లో పెట్టిందట. తండ్రి దాన్ని తిరగేసి, చివరి పేజీలో "కొత్త మిషన్ కొనుట లాభదాయకము" అన్న వాక్యం చదివాడు. గిర్నికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడు. నా బిడ్డ కాలేజీల లెక్కగట్టింది, మిషన్ కొంటె ఐదేండ్లల్ల పెట్టుబడి ఎల్లి మీద మిగులుతదట అని చెప్పాడు. ఆ ఊపులో వరంగల్ పోయి డీలరుకు అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చాడు.

"మంచిదే గదా" అన్నాను, ఇంకా విషయం అందక.

"కొత్త మిషన్ మీద నన్ను కూసోమంటున్నడు సార్. నేను ఎం.కామ్ ఎంట్రన్సు రాస్త అన్న. మొన్నటిదాంక కాదనలేదు, అవుననలేదు. ఇప్పుడు రెండు మిషన్లు ఎవరు నడుపుతరంటున్నడు. తప్పు లెక్క నాయినా అంటె, నువ్వే గట్టినవ్ గద బిడ్డా అంటున్నడు." పుస్తకాల సంచి భుజం మీదికి సర్దుకుంటూ, "నేను రాసిందే నా మెడకు చుట్టుకుంది సార్" అంది.

సీటొస్తే హన్మకొండలో హాస్టలు ఉంటుందట. ఎంట్రన్సు దరఖాస్తుకు ఇంక కొన్ని రోజులే గడువు. తండ్రి కాదంటే ఆ పిల్ల జీవితం గిర్నిలో కాంటా దగ్గరి నుంచి మిషన్ దగ్గరికి, అంటే ఐదడుగుల దూరం పోతుంది.

"కూలి వేసి మళ్ళీ గట్టు. నీకూ, అమ్మకూ" అన్నాను.

"ఎంత వెయ్యాలె సార్?"

"బయట మనిషిని పెడితే ఎంత ఇస్తారో అంత."

అడిగి తెలుసుకుని రోజుకు నాలుగు వందలు వేసింది. తక్కువే అనిపించింది. ఆమె గట్టిన లెక్క నేనొకసారి సరిచూశాను. కొత్త మిషన్ ఐదేళ్ళలో కాదు, ఆ మిషన్ అరిగిపోయే దాకా కూడా తన పెట్టుబడి తిరిగి తేదు. మొదటి లెక్కలో కనపడిన లాభం మొత్తం ఆ తల్లీకూతుళ్ళ కూలే.

అదే రోజు కరస్పాండెంటు పిలిచాడు. "సార్, ఇంటర్నల్ మార్కులు అందరికీ ఇరవైకి పద్దెనిమిది వేసెయ్యండి. ఆన్‌లైన్‌ల ఎక్కించాలె. తప్పొప్పులు తర్వాత చూసుకుందాం."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"తర్వాత అంటే తర్వాత సార్."

పిల్లలకు నేను నెలన్నరగా చెప్తున్న పాఠమల్లా ఇప్పుడు, తర్వాత అన్న రెండు మాటల మధ్య తేడా. ఆ కాలేజీ నడిపే మనిషికి ఆ తేడా లేదు.

రెండు రోజుల తర్వాత తరగతి మధ్యలో వరండాలో తుమ్ములు వినపడ్డాయి. మొదట అటెండరు, తర్వాత ఆఫీసులో క్లర్కు. తలుపు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. మోచేతుల దాకా ఎర్రగా ఉంది, అంగీ మీద కారం దుమ్ము. గిర్ని అమ్మాయి లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది.

"సారూ, నువ్వేనా నా బిడ్డకు నా మీద కూలి గట్టుమని నేర్పింది?"

"నీ మీద కాదయ్యా, మిషన్ మీద."

"మిషన్ నాది గాదా?"

"నీదే."

"బిడ్డ నాది గాదా?"

"నీ బిడ్డే. అందుకే లెక్క రాయడం మరిచిపోయావు."

"గిదేం మాట సారూ? కన్నబిడ్డ ఇంట్ల పని చేస్తె కూలా? రేపు నేను బువ్వ పెట్టినందుకు బిల్లు రాయాల్నా?"

"రాయి. అది కూడా లెక్కలోకి రావాల్సిందే."

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "జర తిక్కగున్నవేంది సారూ నువ్వు" అన్నాడు. పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ముందు బెంచీ వాడు మాత్రం పెన్ను తీశాడు. రాస్తున్నాడేమోనని భయమేసింది.

నాకూ కోపం వచ్చింది. ఆ రోజు రైలు ముప్పావుగంట ఆలస్యం, కరెంటు లేదు, చాక్‌పీసు విరిగింది, కంట్లో కారం. "నా మాట వద్దు, నీ బిడ్డ మాట వద్దు" అన్నాను. "పిల్లకు పరీక్షలొస్తున్నాయి. ఒక వారం చదువుకోనియ్యి. ఆమెను కూర్చోబెడదామనుకుంటున్న కారం మిషన్ పనికి బయటి మనిషిని పెట్టి చూడు. నాలుగు వందలు ఎక్కువ అనిపిస్తే నువ్వే బేరమాడు. నువ్వు బేరమాడిన రేటు లెక్కలో వేద్దాం."

"నాలుగొందలా? మూడొందలకు వరుస గడతరు."

"పిలువు మరి."

"పిలుస్త. నువ్వు గూడ రా. నీ కండ్ల ముందటనే పెడుత."

తర్వాతి తరగతి రోజు మధ్యాహ్నం గిర్నికి పోయాను. కారం పట్టించుకునే కాలం. గుమ్మం ముందు సంచులు వరుసగా ఉన్నాయి. పిండి మిషన్ ఒక పక్క, కారం మిషన్ ఒక పక్క, మధ్యలో కాంటా. తల్లి ముక్కుకు చీర కొంగు కట్టుకుని మిషన్‌లో మిరపకాయలు పోస్తోంది. ఒక చేత్తో పోస్తూ, రెండో చేత్తో కింద పడుతున్న కారాన్ని తాకి మెదిగిందో లేదో చూస్తోంది. అమ్మాయి లోపలి అర్రలో పుస్తకం ముందర పెట్టుకుని కూర్చుంది. చదువుతోందని చెప్పలేను. చెవులు బయటే ఉన్నాయి.

తండ్రి అప్పటికే ఒకణ్ణి పిలిపించాడు. పక్క తండా మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. హైదరాబాదులో సెంట్రింగు పనికి పోతాడట, బంధువుల పెండ్లికి ఇంటికొచ్చాడు. లోపలికి వచ్చి, మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, రెండుసార్లు తుమ్మాడు.

"రోజు మొత్తం గీడనే నిలబడాల్నా అన్న?"

"పొద్దున ఎనిమిదికి వస్తె పొద్దుమీకి ఎనిమిదికి పోవుడు. మజ్జ మజ్జల ఖాళీనే ఉంటది" అన్నాడు తండ్రి.

"మా అక్క ఒక్క నిమిషం గూడ ఖాళీ ఉన్నట్టు లేదు గద."

"సీజన్ గద, గిట్లనే ఉంటది. మూడొందలిస్త."

ఆ మనిషి నవ్వాడు. ఎగతాళిగా కాదు, చిన్నపిల్లవాడి మాటకు నవ్వినట్టు. "హైదరాబాదుల నాకు ఎనిమిదొందలు. తిండి నాదే. ఇంటికాడ ఉంటనని ఏడొందలకు చేస్త. మజ్జాన్నం గంట సేపు బంద్ వెట్టాలె. రెండు సార్లు చాయ్. మూతికి మాస్కు నువ్వే తేవాలె, రోజుకొకటి."

"ఏడొందలా! నా బిడ్డ ఊకెనే చేస్తది గీ పని."

"అయితె బిడ్డతోనే చేయించుకో అన్న. నన్నెందుకు పిలిచినవ్?"

కొంగు కట్టుకున్న తల్లి భుజాలు కదిలాయి. నవ్విందో తుమ్మిందో మిషన్ చప్పుడులో తెలియలేదు. ఆ మనిషి చెప్పులేసుకుని, "ఆరున్నర వందలు, ఆఖరు మాట" అని, కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

"హైదరాబాదుకు మరిగినోడు, వాని మాట పట్టుకుంటమా" అన్నాడు తండ్రి. "ఇంకొకన్ని పిలుస్త."

"పిలువు, పిలువు" అంది తల్లి. "నాకు గూడ జర ఇనబుద్దయితుంది."

ఆ వారంలో ఇంకా ఇద్దరు వచ్చారని తర్వాత తెలిసింది. ఒకామె సగం రోజుకే నాలుగు వందలు అడిగి, మిషన్ ముట్టను, కాంటా దగ్గరైతేనే కూర్చుంటానన్నది. ఇంకొకాయన ఐదు వందలకు ఒప్పుకున్నాడు. పనిలో దిగిన రోజు పొద్దున్నే కండ్లు మండుతున్నాయని బయటికి వెళ్ళి, చాయ్ తాగి, అటే పోయాడు. ఆయన పోసిన కారం సగం మెదగలేదని గిరాకీకి వచ్చినవాళ్ళు లొల్లి పెట్టుకున్నారు.

ఆదివారం నేను ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది.

"సారూ, నువ్వు వచ్చినంక నా గిర్ని నష్టాలకు వచ్చింది."

"ముందు నుంచీ అట్లనే ఉందయ్యా."

"లేదు, ముందుగాల మంచిగనే ఉండె."

"ముందు నువ్వు చూడలేదు."

"చూడకముందు మంచిగుంటె, చూసినంక చెడిపోతె, తప్పెవరిది?" అని ఫోన్ పెట్టేశాడు. ఇన్నేళ్ళ ఆడిట్‌లో నాకు ఈ మాట ఎన్ని సంఘాల కార్యదర్శులు చెప్పారో. అయినా ప్రతిసారీ కొత్తగానే మండుతుంది. మా ఆవిడ బీపీ మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

దరఖాస్తు గడువు దగ్గర పడింది. చివరి తరగతి అయ్యాక గిర్ని అమ్మాయి మళ్ళీ వచ్చింది. మిషన్ సంగతి నాయిన ఎటూ తేల్చడం లేదు, అడ్వాన్సు దగ్గరే ఆగిపోయాడు అంది. "మిషన్ వద్దంటె ఇచ్చిన అడ్వాన్సు పోతది గద అంటున్నడు సార్."

పోయిన డబ్బును కొత్త నిర్ణయంలో లెక్కపెట్టకూడదన్నది ఆ పుస్తకంలో రెండో అధ్యాయం. తరగతిలో దాన్ని ఐదుసార్లు చెప్పాను. గిర్నికి పోయి ఆరోసారి చెప్పాలనుకున్నాను. దారి పొడుగునా మాటలు సర్దుకున్నాను. అడ్వాన్సు ఎట్లాగూ పోయింది, కొన్నా రాదు, కొనకపోయినా రాదు, ఇక మీదటి సంగతి చూడు. ఇంకా తేలికగా ఎట్లా చెప్పవచ్చో ఆలోచిస్తూ పోయాను.

పోయేసరికి తండ్రి పిండి మిషన్ ఆపి, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మాయి ముందు నిలబడి కొత్త కాగితం చూపిస్తోంది. ఆమె ఈసారి కొత్త మిషన్ లెక్క గట్టలేదు. కొత్త మిషన్ లేకుండా, తను లేకుండా, ఉన్న రెండు మిషన్లను పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా మాత్రమే నడిపితే ఎట్లా ఉంటుందో గట్టింది. నేను చెప్పింది కాదు. దాన్ని అడగాలని నాకు తోచనే లేదు.

"గిట్లైతె నష్టం లేదు నాయినా. జరంత మిగులుతది గూడ."

"పొద్దుమీకి వచ్చే గిరాకీ?"

"వాళ్ళు పొద్దున వస్తరు. గీ వాడకు మన గిర్ని తప్ప ఇంకోటి లేదు."

"మీ అమ్మ కూలి ఏసినవా?"

"ఏసిన."

తల్లి మిషన్ దగ్గరి నుంచే అరిచింది. "ఎంత ఏసినవ్ బిడ్డా?"

"ఆరున్నర అమ్మా. సగం రోజు గద, అందుల సగం."

"అబ్బో! మీ నాయిన ఇస్తడా?"

తండ్రి ఆ మాట పట్టించుకోలేదు. కాగితం మీద వేలు పెట్టి గడి గడికీ కిందికి దిగుతున్నాడు. కాంటా మనిషి గడి, కారం మిషన్ గడి, పిండి మిషన్ గడి. ఆఖరి గడి దగ్గర వేలు ఆగింది.

"గిదేంది?"

"గది నీ కూలి నాయినా."

"నాక్కూడ ఏసినవా?"

"ఏసిన. నీ కూలి ఏసినంక గూడ మిగులుతుంది. అందుకే గిది నడుస్తది అంటున్న."

ఆయన ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. కారం మిషన్ కూడా ఆగింది. గుమ్మం దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ ముసలామె ఏం జరుగుతుందోనని తొంగి చూసింది.

"పొద్దుగాల ఐదింటికి లేచి గిర్ని రాయి చెక్కుకుంట" అన్నాడాయన, ఎవరితోనూ కాదన్నట్టు. "మోటారు కాలితె నేనే ఇప్పుత. బెల్టు తెగితె నేనే కుడుత. గిన్నేండ్ల నుంచి." మళ్ళీ కాగితం చూశాడు. "నాకు గింతేనా? మొన్న తుమ్ముకుంట వచ్చినోడు నాకన్న ఎక్కువ అడిగి పాయె గదనే."

తల్లి కొంగు విప్పి మొహం తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

"ఆ కొత్త మిషన్ వచ్చినంక నువ్వు గింకెంత పొద్దుగాల లేస్తవయ్యా?" అంది. గొంతులో వెటకారం లేదు.

నేను అప్పుడు అడ్వాన్సు మాట ఎత్తాను. ఎత్తకుండా ఉండవలసింది. "ఇచ్చిన అడ్వాన్సు గురించి..." అని మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తెలుసు సారూ. పోతది. నీ పుస్తకంల గూడ గదే ఉంటది, నా బిడ్డ చెప్పింది. నువ్వు గూడ చెప్పకు." కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. "పూర్తిగ పోనియ్య. రేపు వరంగల్ పోయి ఆ డీలరు తాన రెండు బెల్టులన్న గుంజుకొస్త."

తర్వాత లేచి, గుమ్మం దగ్గరి ముసలామె చేతిలోంచి సంచి అందుకుని, మిషన్ స్విచ్చి వేశాడు. గిర్ని ఒక్కసారిగా మోగింది. ఆ చప్పుడులో కూతురి వైపు తిరిగి అరిచాడు.

"దరఖాస్తుకు ఫోటో గావాలె గద, ఉన్నదా నీ తాన?"

"ఉంది నాయినా."

"ఏందీ?"

"ఉన్నదీ!"

"అయితె నిలబడ్డవేంది? నెట్ సెంటరు ఐదింటికి బంద్ వెడతడు, పో!"

ఆ పిల్ల చెప్పులు వేసుకోవడం కూడా మరచిపోయి వాకిట్లోకి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి వేసుకుని, పరుగు తీసింది.

నేను ఇంక పోతానని తండ్రికి రెండుసార్లు చెప్పాను. మిషన్ చప్పుడులో వినపడలేదు. మూడోసారి గట్టిగా చెబుదామని ఊపిరి తీసుకుంటే కారం గొంతులోకి పోయి, దగ్గు ఆగక, ఆ ముసలామె ఇచ్చిన నీళ్ళు తాగి తేరుకునేసరికి నా రైలు వెళ్ళిపోయింది.